నీల్ దీవిలో లైటు ఆర్పమన్న తాత

హోళీకి సెలవులు కలిసొచ్చాయని అండమాన్ వెళ్ళొచ్చాం. మేం నలుగురం, మా బావమరిది వాళ్ళు ముగ్గురు. వైజాగ్ నుంచి చెన్నై, చెన్నై నుంచి పోర్ట్ బ్లెయిర్ (2024లో శ్రీ విజయపురం అని పేరు మార్చారు గానీ ఆటో ఎక్కిన దగ్గర్నుంచీ మాకు పాత పేరే వినిపించింది). టికెట్లకి ఎంతయిందో చెప్తే మా నాన్న గుండె పట్టుకుంటాడు కాబట్టి ఇక్కడ కూడా చెప్పను. ఏడు రోజుల్లో ఆరు రోజుల గురించి రాయడానికి పెద్దగా ఏం లేదు. జైలు చూశాం, లైట్ అండ్ సౌండ్ షోలో పిల్లలు నిద్రపోయారు, హేవ్‌లాక్‌లో స్కూబాకి దిగి బావమరిది చెవి నొప్పి తెచ్చుకున్నాడు, ఆ నొప్పి గురించి రెండు రోజులు విన్నాం. నాకు గుర్తుండిపోయింది నీల్ దీవిలో ఒక సాయంత్రం. మహా అయితే రెండు గంటలు.

ముందు ఒక సంగతి చెప్పాలి, ఎందుకంటే చివరికి అదే నా మెడకి చుట్టుకుంది. నీల్‌లో దిగిన రోజు సాయంత్రం ఆరున్నరకే చిమ్మచీకటి. అండమాన్‌లో గడియారం మనదే గానీ సూర్యుడు మనవాడు కాదు. మనకంటే పది డిగ్రీలు తూర్పున ఉన్నాం కదా, వైజాగ్‌లో ఇంకా ఎండ వాలని టైముకి అక్కడ సూర్యుడు మునిగిపోతాడు. మార్చిలో అయిదున్నరకే అయిపోయింది. మా రిసార్టు నుంచి బీచికి వెళ్ళే దారిలో ఒక్క బల్బు లేదు. మా చిన్నాడు కొబ్బరి వేరు తట్టుకుని పడ్డాడు. రాత్రికి ఇంత తీసుకుంటున్నారు, ఒక లైటు పెట్టలేరా అని నేనే రిసెప్షన్‌కి వెళ్ళి కాస్త గొంతు పెంచి అడిగాను. మర్నాటికి కొబ్బరిచెట్టుకి తెల్లటి ఎల్ఈడీ ఫ్లడ్‌లైటు కట్టేశారు. మా ఆవిడ కూడా మెచ్చుకుంది, అలా గట్టిగా అడగాలి అని.

ఆ మర్నాడు పొద్దున భరత్‌పూర్‌లో అద్దాల పడవ ఎక్కాం. మనిషికి వెయ్యి పైన, పట్టుమని ఇరవై నిమిషాలు. టికెట్ దగ్గర ఫ్లెక్సీలో ఎరుపు, నారింజ, ఊదా పగడాలు, మధ్యలో చేపలు. అద్దం కిందకి చూస్తే అంతా గోధుమరంగు, బూడిదరంగు, కొంచెం నీలం. "మోసం" అన్నాడు బావమరిది. మోసం కొంత ఉంది గానీ పూర్తిగా కాదు. నీళ్ళు ఎరుపుని ముందు మింగేస్తాయి, నాలుగైదు నిలువుల లోతుకే ఎర్రనిది ఎర్రగా కనపడదు. ఫ్లెక్సీలో ఫోటో ఎవరో పెద్ద లైటు పట్టుకుని దిగి తీసింది. పైగా బతికున్న పగడం చాలావరకు గోధుమరంగులోనే ఉంటుంది, ఎందుకంటే దాని ఒంట్లో నాచు కాపురం ఉంటుంది. ఆ నాచు వెలుతురుతో వండుకున్న తిండిలో ఎక్కువ భాగం పగడానికి ఇచ్చేస్తుంది. కొన్ని పగడాలకి కావలసిన శక్తిలో తొంభై శాతం దాకా అలాగే వస్తుందని లెక్క. అంటే ఆ మురికి గోధుమరంగే ఆరోగ్యం. తెల్లగా మెరిసిపోతుంటేనే భయపడాలి. ఇదంతా బావమరిదికి చెప్పబోతే "బావా, వెయ్యి రూపాయలకి నాచు చూపించారన్నమాట" అన్నాడు. దానికి నా దగ్గర జవాబు లేదు.

సాయంత్రం లక్ష్మణ్‌పూర్ రెండో బీచి, నేచురల్ బ్రిడ్జి. అక్కడి బెంగాలీ వాళ్ళు హౌరా బ్రిడ్జి అంటారు. నీళ్ళు వెనక్కి తగ్గితేనే నడవగలం. పౌర్ణమి వెళ్ళి రెండో రోజు కాబట్టి ఆటు అయిదింటికి అటూ ఇటూగా పడింది, సముద్రం చాలా దూరం వెళ్ళిపోయింది. రాళ్ళ మధ్య గుంటలు, గుంటల్లో నీళ్ళు, నీళ్ళల్లో ఊరికి ఊరు. గైడు కుర్రాడు అయిదొందలు అడిగాడు, నాలుగొందలకి ఒప్పుకున్నాడు. పాతికేళ్ళు కూడా ఉండవు, మంచివాడే. ఈ గొడవలో తప్పు వాడిదని అనను.

మొదటి గుంటలోనే నల్లటి పొడుగు ముళ్ళ సీ అర్చిన్లు (ముళ్ళ బంతుల్లాంటి జీవాలు) మూడు, రాయి అంచు కింద ముడుచుకుని ఉన్నాయి. మా పెద్దది వంగి చూస్తుంటే దాని తల నీడ వాటి మీద పడింది. పడిన మరుక్షణం ముళ్ళన్నీ నీడ పడిన వైపు తిరిగాయి! గాలికి ఊగడం కాదు, అసలు గాలే లేదు. ఎవరో పిలిస్తే తల తిప్పినట్టు తిరిగాయి. పిల్ల పక్కకి జరిగింది, ముళ్ళు సర్దుకున్నాయి. మళ్ళీ వంగింది, మళ్ళీ తిరిగాయి. ఈ జాతికి కళ్ళంటూ లేవు, ఒళ్ళంతా వెలుతురుని గుర్తుపడుతుంది, నీడ అంటే దానికి పైనుంచి వచ్చే చేప. పది నిమిషాలు అక్కడే ఉండిపోయాం. ట్రిప్పు మొత్తానికి డబ్బులిచ్చింది దీనికేనేమో అనిపించింది, దీనికి టికెట్ లేకపోయినా.

పక్క గుంటలో జెయింట్ క్లామ్ ఉంది, ఆల్చిప్ప లాంటిది. జెయింట్ అంటే మరీ పెద్దది కాదు, అరచేతంత. రాతిలో కూరుకుపోయి, పెదవులు మాత్రం బయటకి, నెమలి మెడ రంగులో. దీనికి నిజంగానే కళ్ళుంటాయి, పెదవి అంచు పొడుగునా వందల కొద్దీ చుక్కల్లాంటివి. చెయ్యి అడ్డం పెడితే చటుక్కున ముడుచుకుంది. ఇదీ నాచుని పెంచుకునే రకమే, అందుకే ఎండలోకి ఒళ్ళు విప్పుకుని కూర్చుంటుంది. ముడుచుకున్నప్పుడల్లా దాని వంట ఆగిపోతుందన్నమాట. మేం వెళ్ళేలోపు ఇంకో నాలుగు కుటుంబాలు వచ్చి నాలుగుసార్లు చెయ్యి అడ్డం పెట్టాయి. మేం పెట్టింది కలుపుకోలేదు.

చిరాకు మొదలైంది మూడో గుంట దగ్గర. గైడు నీళ్ళలో చెయ్యి పెట్టి నల్లటి సముద్ర దోసకాయని తీశాడు. పేరుకే దోసకాయ, ప్రాణమున్న జీవి. ఒంటికి ఇసుక అంటుకుని, చూడ్డానికి కాల్చిన వంకాయలా ఉంది. ఒకరి చేతి నుంచి ఒకరికి, ఫోటోకొకరికి, పదిహేను మంది. ఎవరో ఆవిడ కెవ్వుమని వదిలేస్తే రాతి మీద పడింది, మళ్ళీ తీసి ఇచ్చారు. దాని ఒంట్లోంచి ఎర్రటి రసం కారి చేతులకి అంటుతుంటే "కలర్ వదుల్తోంది" అని నవ్వుకున్నారు. కంగారు పడినప్పుడు వదిలే రసం అది. 2001 నుంచి మన దేశంలో సముద్ర దోసకాయలకి వన్యప్రాణి చట్టంలో పులికి ఇచ్చిన మొదటి షెడ్యూలు రక్షణ ఇచ్చారు, పగడాలకి కూడా. పులిని ఇలా చేతులు మార్చుకుంటూ సెల్ఫీ దిగుతామా? ఇంత తెలిసినవాడు అప్పుడే అనాలి కదా. నా చేతికి వచ్చింది, పట్టుకున్నాను, బావమరిది ఫోటో తీశాడు. ఆ ఫోటో ఇప్పటికీ ఫోన్‌లో ఉంది. చేతికి పొద్దున రాసుకున్న సన్‌స్క్రీన్ కూడా ఉండే ఉంటుంది. పగడాలకి హాని అని కొన్ని రకాల సన్‌స్క్రీన్లని పలావ్ దేశం 2020లో, హవాయి 2021లో ఆపేశాయి. మా ఆవిడ కొన్నది ఏ రకమో నేను చదవలేదు.

మెత్తగా, తడిగా ఉన్న ఆ ఒంటిని తాకగానే నాకు వైజాగ్‌లో మా జోడుగుళ్ళపాలెం బీచి రాళ్ళు గుర్తొచ్చాయి. చిన్నప్పుడు ఆదివారం పూట అక్కడికి పోయేవాళ్ళం, రాళ్ళ సందుల్లో సముద్రపు పువ్వులు ఉండేవి. అవి సీ అనిమొనీలని పెద్దయ్యాక తెలిసింది. వేలు పెడితే వేలిని పట్టుకుని గబుక్కున ముడుచుకుపోయేవి, ఎవరి వేలికి ఎన్ని ముడుచుకున్నాయో పందెం. ఒక్కోదాన్ని ఎన్నిసార్లు పొడిచామో! ఇంటికొచ్చి అన్నం తినేవాళ్ళం, అవి ఆ పూట తిన్నాయో లేదో మాకేం పట్టింది. ఇప్పుడు గైడు కుర్రాడి మీద కోపం తెచ్చుకోవడానికి మనసు ఒప్పలేదు.

అయిదున్నర దాటింది, సూర్యుడు పోయాడు. ఇంకా యాభై మంది దాకా రాళ్ళ మీదే ఉన్నారు. ఒక్కొక్కరూ ఫోన్ టార్చి వేశారు. అంతకుముందు కాళ్ళ కింద ఏముందో కాస్త చూసుకుని నడిచేవాళ్ళు ఇప్పుడు లైటు ఎక్కడుంటే అక్కడే చూస్తున్నారు, పాదం ఎక్కడ పడుతోందో చూడటం లేదు. నా పక్కనే ఎవరి చెప్పు కిందో పగడపు కొమ్మ విరిగింది. అప్పడం విరిగినట్టు చిన్న చప్పుడు. గుండ్రటి పగడాలు ఏడాదికి ఒక సెంటీమీటరు పెరిగితే గొప్ప. కొమ్మల రకం కాస్త తొందరగా పెరుగుతుంది గానీ ఆ తొందర కూడా మన చెప్పు ముందు ఎంత.

"బాబూ, ఆ లైటు ఆర్పీ ఒక్క నిమిషం" అని వినపడింది. తెలుగు! అదీ శ్రీకాకుళం తెలుగు. చూస్తే ఒడ్డు వైపు రాయి మీద ఒక పెద్దాయన, లుంగీ ఎగ్గట్టి, భుజాన తువ్వాలు. పిల్లల్ని మేం తిట్టుకుంటుంటే విని మనవాళ్ళే అనుకున్నాడట. "ఏ ఊరు బాబూ?" వైజాగ్ అన్నాను. "మాది సికాకులం అవతల. నానొచ్చి నలబయ్యేళ్ళు దాటింది" అన్నాడు. పోర్ట్ బ్లెయిర్ జంగ్లీఘాట్‌లో మన తీరం నుంచి వలసొచ్చిన మత్స్యకారులు చాలామందే ఉన్నారని విన్నాను గానీ నీల్‌లో ఇలా దొరుకుతాడనుకోలేదు. కూతురింటికి వచ్చాడట.

"కాళ్ళ కింద ఏం కనపడదు కదా తాతా" అన్నాను, లైటు ఆర్పకుండానే.

"కూకో ముందు. నడిస్తే కదా పడతావు."

కూర్చున్నాం. ఆర్పాం. మా చిన్నాడికి ఫోన్ ఆర్పడం అంటే శిక్ష, వాడు గునుస్తూనే ఉన్నాడు. తాత వేట కబుర్లు మొదలెట్టాడు. కుర్రప్పుడు పెట్రోమాక్స్ లైటు పడవకి కట్టుకుని వెళ్ళేవారట. లైటుకి ముందు సన్నపురుగు వస్తుంది, పురుగు కోసం చిన్నచేప, చిన్నచేప కోసం పెద్దచేప, స్క్విడ్డు. పున్నమికి మాత్రం వెళ్ళేవారు కాదు. "పున్నమికి లైటేసి ఏటి లాభం? సంద్రమంతా లైటే కదా" అన్నాడు. ఇప్పుడు పెద్ద బోట్లకి వేల వాట్ల ఎల్ఈడీలు కట్టి మొత్తం ఊడ్చేస్తుంటే 2017లో కేంద్రం అలాంటి లైట్ల వేటని నిషేధించింది. ఆ మాట చెప్తే "కాగితం మీద" అని నవ్వాడు.

2004 సునామీ నాటికి ఆయన ఉత్తరాన డిగ్లిపూర్ వైపు ఉన్నాడట. భూకంపానికి ఇటు దక్షిణాన నేల కుంగింది, అటు ఉత్తరాన పైకి లేచింది, కొన్నిచోట్ల మీటరు పైనే. "నీల్లు పోయాయనుకున్నాం. నీల్లు కాదు బాబూ, నేలే లేసింది. రాల్లన్నీ బైటడిపోయి ఎండకి కుల్లిపోనాయి. నెల్లాల్లు కంపు." బతకడానికి ఏ ఎండ కోసం పగడం నీళ్ళ పైకంటా పెరుగుతుందో ఆ ఎండే చంపింది. 2010లో వేసవికి నీళ్ళు కాగినప్పుడు తెల్లబడిన రాళ్ళు కూడా చూశానన్నాడు. ఆ ఏడు అండమాన్ పగడాలు పెద్ద ఎత్తున తెల్లబడిన సంగతి నేనూ ఎక్కడో చదివాను. నీళ్ళు మామూలు వేసవి వేడి కంటే ఒక్క డిగ్రీ ఎక్కువై కొన్ని వారాలు అలాగే ఉంటే చాలు. వేడికి నాచు యంత్రాంగం దెబ్బతింటుంది, దానికి తోడు పైనుంచి ఎండ గట్టిగా ఉంటే లోపల విషం తయారవుతుంది, పగడం నాచుని బయటకి తోసేస్తుంది. వంటవాణ్ణి వెళ్ళగొట్టి పస్తుండటమే.

ఇలా మాట్లాడుతుండగానే చీకటి చిక్కబడింది. జనం చాలామంది వెళ్ళిపోయారు, మా గైడు కూడా. "సందమామ ఇంకా రాలేదేంటి, మొన్నే కదా పౌర్ణమి" అని మా పెద్దది అడిగింది. తాత వేళ్ళతో లెక్క చూపించాడు. పున్నమినాడు పొద్దు గుంకడం, చంద్రుడు రావడం ఒకేసారి, సందే ఉండదు. మర్నాటి నుంచి రోజుకి ముప్పావుగంట పైగా ఆలస్యం. "ఈయాల ఏడు దాటితే గానీ రాడు. ఈలోపు సీకటి. ఈ సీకట్లోనే అన్నీ బైటకొత్తాయి, సూడు."

చూశాం. మొదట ఏమీ లేదు. తరవాత పక్కనున్న గుంటలో రాతి సందులోంచి సన్నటి చెయ్యి ఒకటి బయటకొచ్చింది, జడ పిలకంత, ముళ్ళు ముళ్ళుగా. ఇంకోటి. ఆకాశంలో మిగిలిన కాస్త బూడిద వెలుగులో అంతే కనపడుతోంది. బ్రిటిల్ స్టార్, నక్షత్ర చేపకి చుట్టం. నాలుగు చేతులు నీళ్ళలోకి చాచి నెమ్మదిగా ఊపుతోంది, ఏదో తడుముకుంటున్నట్టు. మా చిన్నాడు నోరు తెరుచుకుని చూస్తున్నాడు, గునుపు ఆగింది. నేను నీళ్ళలో వేలు పెట్టి కదిపితే వేలి చుట్టూ రెండు మూడు నీలం చుక్కలు వెలిగి ఆరిపోయాయి, కదిపితే మెరిసే కంటికానని జీవాలు. హేవ్‌లాక్‌లో ఇదే చూపించడానికి రాత్రిపూట పడవల్లో తీసుకెళ్ళి ఎంత వసూలు చేస్తారో మీకు తెలుసు. ఇంతలో వెనక నుంచి ఎవరో ఆలస్యమైన జంట, టార్చి మా గుంట మీద కొట్టి "కుఛ్ హై క్యా?" అన్నారు. నాలుగు చేతులూ ఒక్కసారి సందులోకి వెళ్ళిపోయాయి. "కుఛ్ నహీ" అన్నాడు మా చిన్నాడు, ఏడుపు గొంతుతో.

పోటు మొదలైంది, రాళ్ళ మధ్యకి నీళ్ళు ఎక్కుతున్నాయని తాతే లేపి ఒడ్డు దాకా నడిపించాడు. లైటు లేకుండానే. నా చెయ్యి పట్టుకున్నాడు, నేను పిల్లల చేతులు పట్టుకున్నాను.

ఇంటికొచ్చాక ఆ సందు చీకటి గురించి కూర్చుని చదివాను. ఆస్ట్రేలియా గ్రేట్ బారియర్ రీఫ్‌లో ఏడాదికోసారి, పౌర్ణమి వెళ్ళిన కొన్ని రాత్రులకి, వందకి పైగా జాతుల పగడాలు కూడబలుక్కున్నట్టు గుడ్లు, వీర్యం నీళ్ళలోకి వదులుతాయి. 1980ల మొదట్లో అక్కడి పరిశోధకులు గమనించి 1984లో ప్రకటించేదాకా సైన్సుకి ఈ సంగతి తెలియదు. మెదడు లేని జీవి తిథి ఎలా లెక్కపెడుతుందంటే, దాని ఒంట్లో వెలుతురుని పసిగట్టే క్రిప్టోక్రోమ్ అనే ప్రోటీన్లు ఉన్నాయని, వెన్నెలని బట్టి అవి హెచ్చుతగ్గులవుతాయని 2007లో చూపించారు. కొన్ని పగడాలకైనా అసలు సైగ మాత్రం వెన్నెల కాదట. పొద్దు గుంకాక చంద్రుడు వచ్చేలోపు ఉండే చీకటి. కొన్ని రాత్రులు ఆ చీకటి తగిలిందా, బయల్దేరే టైమైందని. 2023లో వచ్చిన పెద్ద అధ్యయనం చదివితే నా ఒళ్ళు జలదరించింది. ఒడ్డున మనం వేసే లైట్లు పడే చోట పగడాలు ఒకటి నుంచి మూడు రోజులు తేడాతో, పౌర్ణమికి దగ్గరగా గుడ్లు వదులుతున్నాయట. ఎర్రసముద్రం వైపు తీరాల్లో ఈ బెడద ఎక్కువ. మూడు రోజులే కదా అనుకోవచ్చు. గుడ్డు నీళ్ళలో ఉండేది గంటల లెక్క, ఈ దిబ్బ మంగళవారం వదిలి పక్క దిబ్బ గురువారం వదిలితే పెళ్ళికొడుకు ఒక ముహూర్తానికి, పెళ్ళికూతురు ఇంకో ముహూర్తానికి వచ్చినట్టే.

మన ఆర్కే బీచ్ గుర్తొచ్చింది. రాత్రి పదకొండుకి కూడా అలల నురగ మీద పత్రిక పెట్టుకుని చదవచ్చు. అక్కడ పగడపు దిబ్బలు లేవు గానీ రాళ్ళ సందుల్లో పువ్వులున్నాయి కదా, తాబేలు పిల్లలున్నాయి కదా. వెలిగిపోతోందని చుట్టాలకి చూపించింది మనమే.

ఆ రాత్రికి తిరిగొస్తే, ఆటో దిగి రిసార్టు వెనక్కి నడిచే సరికి కొబ్బరిచెట్టు మీద నా ఫ్లడ్‌లైటు. ఏడు దాటింది, తూర్పున చెట్ల వెనక చంద్రుడు అప్పుడే ఎర్రగా లేస్తున్నాడు గానీ దాన్ని చూసే దిక్కు లేదు. లైటు దారి మీద పడినదానికంటే నీళ్ళ మీద పడిందే ఎక్కువ, ఒడ్డు నుంచి ముప్పై నలభై అడుగుల దాకా తెల్లటి పలక. ఆ పలకలో సన్నపురుగు సుడులు తిరుగుతోంది, తాత చెప్పినట్టే. దాని కింద చిన్నచేపలు.

రిసెప్షన్‌కి వెళ్ళాను. లైటు తీసేయండి, లేదా కిందకి వంచి పసుపు బల్బు పెట్టండి అన్నాను. కుర్రాడు నన్ను ఎగాదిగా చూసి రిజిస్టరు తీశాడు. "సార్, కంప్లయింట్ మీదే కదా. రూమ్ నంబర్ ఆరు. డార్క్, వెరీ డేంజరస్ అని మీరే రాశారు." నా దస్తూరీ, కింద సంతకం కూడా. సముద్రంలో జీవాలు, పౌర్ణమి అని హిందీలో ఏదో చెప్పబోయాను, నా హిందీకి అంత సైన్సు రాదు. వాడు జాలిపడి లేచి వెళ్ళి స్విచ్చి ఆర్పేశాడు.

అయిదు నిమిషాలు కాలేదు, మా ఆవిడ గొంతు. "ఏవండీ, లైటు పోయింది. వెళ్ళి గట్టిగా అడగండి."